పాత రివాల్వర్: పనితనాన్ని చదివి కట్టే ధర

పాత రివాల్వర్‌కి ధర కట్టడం తెలిసిన మిస్త్రీ ముందుగా కంపెనీ పేరు చూడడు, మెరుపూ చూడడు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరుస్తాడు. తుపాకీని తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూస్తాడు, వేలితో తడుముతాడు, మళ్ళీ ఒకసారి చూస్తాడు. ఆ బల్ల దరిదాపుల్లో తూటా ఉండనివ్వడు. ఆ తరవాత చాలాసేపు మాట్లాడడు. హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ, సిలిండర్‌ని రెండు వేళ్ళతో కదిలిస్తూ, చెవి దగ్గర పెట్టుకుని టక్కుమనే చప్పుడు వింటాడు. చివరికి ఒక అంకె చెబుతాడు.

ఆ అంకె వెనక రెండు పనితనాలున్నాయి. రివాల్వర్‌ని చేసిన చేతిది ఒకటి. చేసిన పనిని చదివి, ఇంతకి అమ్మవచ్చు, ఇంతకు మించి అడగకూడదు అని చెప్పగలిగిన చేతిది ఇంకొకటి. రెండోది కరువైన చోట మొదటిదానికి విలువ దక్కదు. మంచి తుపాకీ తక్కువకి పోతుంది, చెడ్డ తుపాకీ ఎక్కువకి అంటగట్టబడుతుంది.

ఈ సంగతి భిలాయ్ తెలుగువాళ్ళకి చెప్పడానికి కారణం ఉంది. సోవియట్ సహకారంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. 1960 నుంచి ఇక్కడ రైలు పట్టాలు తయారవుతున్నాయి. ఆ తొలి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రాయపూర్ రైలెక్కి వచ్చిన మనవాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. ఖుర్సీపార్ వీధుల్లోనూ, సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గరా ఇవాళ్టికీ తెలుగు నిండుగా వినిపిస్తుంది. ఆ తరంలో కొద్దిమంది ఆత్మరక్షణ కోసమో, ఊళ్ళో పొలం కోసమో, కాంట్రాక్టు పనుల్లో డబ్బు చేతిలో పట్టుకుని తిరగాల్సి రావడం వల్లనో లైసెన్సు తీసుకుని రివాల్వర్ కొనుక్కున్నారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, కొందరు పోయారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, వాళ్ళకి ఆ తుపాకీ అక్కర్లేదు. అమ్మేద్దాం అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న: దీనికి ఎంతొస్తుంది?

ఆ ప్రశ్నకి జవాబు ఇనుములో ఉంటుంది. ఇనుముని చూడడం ఈ ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు.

మన దేశంలో 9 మి.మీ., 38 లాంటి బోర్ చేతి తుపాకులు నిషిద్ధ బోర్ కింద వస్తాయి. అందుకే మామూలు లైసెన్సుదారు ఇంట్లో ఎక్కువగా కనిపించేది 32 బోర్. అందులోనూ రివాల్వర్ వేరు, పిస్టల్ వేరు. అంకె ఒకటే అయినా తూటాలు ఒకటి కావు. రివాల్వర్‌లో వేసేది 1896 నాటి స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా, అడుగున అంచు ఉండి పొడుగ్గా ఉంటుంది. పిస్టల్‌లో వేసేది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పొట్టి తూటా. కాబట్టి ధర అడిగేటప్పుడు ‘32 బోర్’ అని ఊరుకుంటే చాలదు. ఏ రకం, ఎక్కడ తయారైంది, ఏ మార్కు అన్నవి చెప్పాలి.

మనకి బాగా పరిచయమైన రకం కాన్పూర్ రివాల్వర్. దాని వంశం బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. నడిమికి విరిచినట్టు తెరుచుకునే వెబ్లీ రివాల్వర్‌ని బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. 1897లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ ఏర్పడింది. వాళ్ళ మార్క్ 4 రివాల్వర్ బాణీలోనే మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు కాన్పూర్‌లో 32 బోర్ రివాల్వర్‌ని చేశాయి. ఆరు తూటాలు, సుమారు 700 గ్రాముల బరువు, మూడంగుళాల బ్యారెల్.

ఆ తెరుచుకోవడంలో ఉన్న ఊహ ఎంత చూసినా తనివి తీరదు. ఫ్రేము పైన వెనక వైపున్న గొళ్ళేన్ని బొటనవేలితో నొక్కి బ్యారెల్‌ని కిందికి వంచితే, ముందున్న కీలు మీద బ్యారెల్, సిలిండర్ కలిసి వాలతాయి. వాలుతున్నకొద్దీ సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఎక్‌స్ట్రాక్టర్ పైకి లేచి ఆరు ఖాళీ తూటా డొల్లల్నీ ఒక్కసారే పైకి తోస్తుంది. ఇంకొంచెం వంచగానే స్ప్రింగు దాన్ని టక్కున లోపలికి లాగేసుకుంటుంది. ఒక్క కదలికలో ఇన్ని పనులు జరగాలంటే కీలు, గొళ్ళెం, నక్షత్రం, స్ప్రింగు నాలుగూ ఒకదానితో ఒకటి సరిగ్గా అమరాలి. యంత్రం మీద కోసిన ముక్కల్ని చేతితో ఆకురాయి పట్టి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూసిన ఫిట్టర్ పని అందులో ఉంది. అరిగిపోయేది కూడా ముందు అక్కడే. అందుకని ధర కట్టే చెయ్యి అక్కడే మొదలవుతుంది.

మూసిన రివాల్వర్‌ని పిడి దగ్గర ఒక చేత్తో, బ్యారెల్ దగ్గర ఇంకో చేత్తో పట్టుకుని పక్కలకీ పైకీ కదిపితే కొత్తది ఒకే ముక్కలా ఉంటుంది. బాగా వాడినదాంట్లో, లేదా జోరుగా ఝాడించి తెరిచి మూసే అలవాటున్నవాళ్ళ చేతిలో పడినదాంట్లో కీలు దగ్గర సన్నటి ప్లే తగులుతుంది. గొళ్ళెం బిగువుగా కూర్చోకుండా కొద్దిగా ఆడుతుంది. ఈ రకం రివాల్వర్‌లో ఆ వదులుకి తేలిక మందు లేదు. కీలు పిన్నుని లావుది వేసి, రంధ్రం సరిచేసి, గొళ్ళెం మళ్ళీ అమర్చాలి. ఆ ఖర్చంతా ధరలోంచి పోతుంది.

తరవాతది సిలిండర్ పరీక్ష. రివాల్వర్ పనితనం మొత్తాన్ని దగ్గరగా చూడాలంటే ఇదే చోటు. హ్యామర్‌ని మెల్లగా వెనక్కి లాగుతుంటే లోపల చిన్న చెయ్యిలాంటి ముక్క లేచి సిలిండర్ వెనక పళ్ళని తోస్తుంది, సిలిండర్ ఒక గది మేర తిరుగుతుంది. సరిగ్గా బ్యారెల్ ఎదురుగా గది వచ్చే క్షణంలో, ఫ్రేము అడుగు నుంచి మరో చిన్న ముక్క లేచి సిలిండర్ ఒంటి మీదున్న గంటులో పడి దాన్ని ఆపేస్తుంది. హ్యామర్ పూర్తిగా వెనక్కి నిలబడేసరికి సిలిండర్ ఆగి ఉండాలి. ఆగే ముందు హ్యామర్ నిలబడిందంటే ఆ గదిలో తూటా బ్యారెల్‌కి ఎదురుగా రాలేదన్నమాట. అలాంటి తుపాకీ పేలిస్తే సీసం అంచు తెగి పక్కలకి చిమ్ముతుంది. పేల్చేవాడికీ, పక్కనున్నవాడికీ ప్రమాదం.

ఈ పరీక్ష ఒక గదికి చేస్తే సరిపోదు, ఆరింటికీ చెయ్యాలి. పళ్ళు ఆరు, గంట్లు ఆరు. ఒక్కోదాన్నీ విడివిడిగా ఆకురాయి పట్టి సరిచేశారు కాబట్టి ఒక్కోటీ ఒక్కోలా అరుగుతుంది. అయిదు గదులు సరిగ్గా ఆగి, ఆరోది వెంట్రుక వాసి ముందే ఆగిపోయే తుపాకులుంటాయి. తొందరపడి కొనేవాడు రెండు సార్లు లాగి సంతృప్తి పడతాడు. తెలిసినవాడు సుద్దముక్కతో మొదటి గదికి గుర్తు పెట్టుకుని ఆరింటినీ లెక్కపెట్టి చూస్తాడు. పశువుల సంతలో రైతు ఎద్దు పళ్ళు చూసినట్టు, సిలిండర్ గంట్ల అంచుల్ని భూతద్దంలో చూస్తాడు. అంచులు పదునుగా, నలుచదరంగా ఉంటే తుపాకీని ఓపికతో వాడినట్టు. ఒక వైపు అంచు నలిగి, లోహం పక్కకి పొర్లినట్టుంటే, ఎవరో సినిమాలో చూసినట్టు సిలిండర్‌ని గిర్రున తిప్పి ఆడుకున్నట్టు, లేదా ట్రిగ్గర్‌ని జోరుగా లాగి లాగి పేల్చినట్టు. ఇనుము మీద పడిన ఆ ముద్ర అబద్ధం చెప్పదు.

సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ తోసి చూస్తే తెలిసే ప్లే ఇంకోటి. బ్యారెల్ వెనక అంచుకీ సిలిండర్ ముందు ముఖానికీ మధ్య ఉండే సందు ముఖ్యమైన కొలత. భిలాయ్ కర్మాగారం షాపుల్లో పనిచేసిన ఏ ఫిట్టర్‌కైనా ఫీలర్ గేజ్ చేతి అలవాటే. ఆ గేజ్ పలకతో ఖాళీ తుపాకీలో ఈ సందుని కొలవవచ్చు. సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ. మధ్య ఉంటే ఆరోగ్యం. అంతకంటే తక్కువైతే మసి పట్టగానే సిలిండర్ ఇరుక్కుంటుంది. బాగా ఎక్కువైతే వాయువు పక్కలకి పోయి తూటా బలం తగ్గుతుంది. వెంట్రుక మందమంత ఖాళీ వల్ల ధర కింద మీదవుతుందంటే, ఆ ఖాళీని దశాబ్దాల పాటు నిలబెట్టేలా అమర్చిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బ్యారెల్ లోపలి కథ వేరు. మూతి వైపు నుంచి తెల్ల కాగితం వెలుగు చూపించి వెనక నుంచి చూస్తే మెలి తిరిగిన గాళ్ళు కనిపించాలి, అంచులు స్పష్టంగా ఉండాలి. పాత కాలపు తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడ్ ఉప్పుగా బ్యారెల్లో మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. పేల్చిన రోజే నీళ్ళతో కడిగి తుడిచి నూనె పెట్టని బ్యారెల్లో సూది మొనలంత గుంటలు పడతాయి. ఛత్తీస్‌గఢ్ వానాకాలం ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. ఎన్నికల సమయంలో లైసెన్సుదారులు తుపాకుల్ని పోలీసు స్టేషన్‌లోనో గన్ హౌస్‌లోనో జమ చేస్తారు. నూనె పెట్టకుండా జమ చేసి, నెలల తరవాత తెచ్చుకుని, తెరిచి చూడకుండా బీరువాలో పెట్టేసిన తుపాకుల్లో ఈ గుంటలు ఎక్కువ. తోలు ఒరలో పెట్టి దాచడం కూడా అంతే చేటు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన రసాయనాలు ఉక్కుని తింటాయి. ఒర తగిలిన చోటే తుప్పు కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఇక పై పూత. అమ్మేవాళ్ళు ఎక్కువగా మోసపోయేదీ, తెలియకుండా మోసం చేసేదీ ఇక్కడే. రివాల్వర్ మీద నీలి నలుపు రంగు పెయింటు కాదు. అది ఉక్కు మీద కావాలని పెంచిన ఆక్సైడ్ పొర. మ్యాగ్నెటైట్ అనే నల్లటి ఆక్సైడ్. రోలింగ్ మిల్లులోంచి వచ్చిన ఉక్కు చల్లారాక దాని మీద కనిపించే నీలి బూడిద పొరలోనూ ఇదే ఉంటుంది. పాత పద్ధతిలో ఉక్కుని నున్నగా పాలిష్ చేసి, కావాలని సన్నటి తుప్పు పట్టనిచ్చి, మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, ఆ తుప్పు నల్లబడ్డాక వైరు బ్రష్షుతో దులిపి, మళ్ళీ అదే పని చేస్తారు. రోజుల తరబడి ఆ చక్రం తిరిగితేగానీ లోతైన నలుపు రాదు. తరవాత కాలంలో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల వేడి తొట్టిలో ముంచే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతైనా, పూత అందం కింద చేసిన పాలిష్ మీదే ఆధారపడుతుంది.

ఇన్నేళ్ళు వాడిన తుపాకీకి బ్యారెల్ మూతి దగ్గర, ఒర రాసుకునే అంచుల్లో, అరచెయ్యి పట్టుకునే చోట పూత పల్చబడి వెండిలా కనిపిస్తుంది. అది న్యాయమైన అరుగుదల, దానికి ధర పెద్దగా తగ్గదు. అసలు నష్టం అమ్మే ముందు కొత్తదిలా చెయ్యాలని బఫింగ్ చేయించి, మళ్ళీ నీలి పూత వేయించినప్పుడు జరుగుతుంది. బఫింగ్ చక్రం పదునైన అంచుల్ని గుండ్రంగా చేస్తుంది. కర్మాగారం చెక్కిన అక్షరాల చుట్టూ లోహం అరిగి అక్షరాలు మసకబారతాయి. స్క్రూ తల చుట్టూ రంధ్రం చిన్న పళ్ళెంలా గుంట పడుతుంది. దీపం కింద పక్క నుంచి చూస్తే ఈ మూడు గుర్తులూ దాగవు. మెరిసిపోతున్న ఆ తుపాకీ కన్నా, రంగు వెలిసినా అంచులు పదునుగా ఉన్న తుపాకీకే తెలిసినవాడు ఎక్కువ ఇస్తాడు. అమెరికాలో వాడిన తుపాకుల ధరల పుస్తకాలు కూడా కర్మాగారం వేసిన అసలు పూత ఎంత శాతం మిగిలిందన్న లెక్క మీదే తరగతులు కడతాయి.

స్క్రూల సంగతీ అలాంటిదే. మంచి మిస్త్రీ ప్రతి స్క్రూ గాడికీ సరిపోయే స్క్రూడ్రైవర్ మొనని సానబెట్టుకుని ఉంచుకుంటాడు. గాడి అంచులు చీలిపోయి ఉంటే ఎవరో వంటింటి స్క్రూడ్రైవర్‌తో లోపలికి వెళ్ళారన్నమాట. వెళ్ళినవాడు లోపల ఏ స్ప్రింగుని వంచాడో, ట్రిగ్గర్ తేలిక చెయ్యాలని ఏ కొక్కెం మీద ఆకురాయి పెట్టాడో చెప్పలేం. ఆ అనుమానానికీ ధరలో కోత ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది నంబరు. ఫ్రేము మీదా మిగతా భాగాల మీదా ఉన్న నంబర్లు ఒకదానితో ఒకటి, లైసెన్సు పుస్తకంతోనూ కలవాలి. ఆయుధాల చట్టం ప్రకారం ఆ నంబరుని చెరపడం, మార్చడం నేరం. వెబ్లీలాంటి ఇంగ్లండు తుపాకుల మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలుంటాయి. 1813లో పార్లమెంటు చట్టంతో మొదలైన ఆ సంస్థ, తుపాకీని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడిలో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తుంది. కిరీటం కింద బి.ఎన్.పి. అనే అక్షరాలుంటే అది 1954 తరవాతి ముద్ర. ఈ చిన్న గుర్తు కొన్నిసార్లు తయారీ కాలాన్ని కాగితాల కంటే బాగా చెబుతుంది.

ఇంత చదివాక అంకె దగ్గరికి రావాలి. మన దేశంలో ఈ బజారు మూసిన బజారు. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారుకి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్న వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ తుపాకులే చేతులు మారుతూ వస్తున్నాయి, వాటి సంఖ్య తగ్గేదే తప్ప పెరిగేది కాదు. అందుకే వాటి ధర విదేశాల్లోని ధరతో పోలిస్తే చాలా ఎక్కువ. అక్కడి ధరల పుస్తకాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం ఇక్కడ పనికిరాదు.

కాన్పూర్ రివాల్వర్‌కి లెక్క వేరు. దానికి పై హద్దు కొత్త తుపాకీ ధర. 2014లో టైటానియం మిశ్రమలోహంతో వచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ ధర అప్పట్లోనే 1,22,360 రూపాయలు. 2021 అక్టోబర్ 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ కంపెనీలయ్యాక, కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ 2023లో ‘ప్రబల్’ తెచ్చింది. దాంట్లో సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. పాత రకం వదులుగా ఉంటే కొనేవాడు కొత్తదానివైపే వెళతాడు. కాబట్టి అదే రకం కొత్తది ఇవాళ గన్ హౌస్‌లో ఎంతకి దొరుకుతుందో అడిగి, అక్కడి నుంచి కీలు, సిలిండర్, బ్యారెల్ మరమ్మతు ఖర్చు తీసేసి, అసలు పూత, సరైన నంబర్లు, శుభ్రమైన బ్యారెల్ ఉంటే ఆ మేరకు నిలబెట్టుకుంటే న్యాయమైన అంకె వస్తుంది. కనీసం రెండు లైసెన్సున్న గన్ హౌస్‌ల అంచనా రాయించుకోవాలి. గన్ హౌస్ తాను కొనే ధర, తాను అమ్మే ధర వేరుగా ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఆ తేడాలో వాళ్ళ అద్దె, వాళ్ళ బాధ్యత ఉన్నాయి, అందులో అన్యాయం లేదు.

కొనేవాళ్ళు కొద్దిమందే అన్నది కూడా ధరలో భాగమే. కొనే మనిషికి ఆ రకానికి చెల్లే లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తరవాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులే ఉండవచ్చు, అంతకుముందు మూడు. లైసెన్సుదారు తన సొంత తుపాకీని అమ్మాలంటే ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, కొనేవాడి పేరూ చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. భిలాయ్ వాళ్ళకి అది దుర్గ్ కలెక్టరు కార్యాలయం. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడకముందు, మధ్యప్రదేశ్ రోజుల్లో ఇచ్చిన పాత లైసెన్సు పుస్తకాలకి విశిష్ట సంఖ్య, అంటే యు.ఐ.ఎన్., నమోదై ఉందో లేదో ముందే చూసుకోవాలి. లైసెన్సుదారు పోతే తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు. వెంటనే పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి. అమ్మకుండా ఇంటి మనిషికే ఇవ్వాలనుకుంటే దానికీ దారి ఉంది. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళు ఉంచుకున్నా, తాను నామినేట్ చేసిన చట్టబద్ధ వారసుడికి లైసెన్సు కోరవచ్చు.

భిలాయ్‌లో తుపాకులు తయారు కావు. అయినా ఉక్కుని గౌరవించే చూపు ఈ ఊరిది. పట్టా మీద పగులుని వెతికే చూపే రివాల్వర్ గంటు అంచునీ వెతుకుతుంది. అందుకే అమ్మాలనుకున్నవాళ్ళకి చెప్పేది ఇది. సాండ్‌పేపర్ జోలికి పోకండి, కొత్త పూత వేయించకండి, ట్రిగ్గర్ బాగుచేయిస్తామనే చేతులకి ఇవ్వకండి. తుపాకీని ఉన్నదున్నట్టుగా, కాగితాలతో సహా, తెలిసిన మిస్త్రీ బల్ల మీద పెట్టండి. ఆరు గదులూ ఎలా ఆగుతున్నాయి, సందు ఎంతుంది, బ్యారెల్ ఎలా ఉంది, కీలు బిగువెంత అన్న నాలుగు వాక్యాలు రాయించుకుని సంతకం చేయించుకోండి. కొనేవాడికీ ఆ కాగితమే చూపించండి. ఆ నాలుగు వాక్యాల మీద నిలబడిన ధర ఏదైనా, అదే న్యాయమైన ధర.